ఏడుగురూ రైడర్లే అయితే టాకిల్ చేసేదెవరు?

జనగామలోనో మహబూబాబాద్‌లోనో రైలెక్కి, భూపాలపల్లి అయితే తెల్లవారుజామునే బస్సెక్కి, హైదరాబాద్‌లో వాక్-ఇన్‌కి వెళ్తున్నారా? అక్కడ క్యూలో మీ ముందూ వెనకా ఉన్నవాళ్ల రెజ్యూమెలు ఒకసారి చూడండి. అదే పైథాన్, అదే జావా, అవే సర్టిఫికెట్లు. అందరూ ఒకేలా ఉంటే మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి? దీనికి జవాబు నాకు బాస్కెట్‌బాల్‌లో దొరికింది.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కి వెళ్లిన అమెరికా జట్టులో టిమ్ డంకన్, అలెన్ ఐవర్సన్‌లాంటి స్టార్లున్నారు. కుర్రాడు లెబ్రాన్ జేమ్స్ కూడా ఉన్నాడు. అంతకుముందు మూడు ఒలింపిక్స్‌లోనూ స్వర్ణం వాళ్లదే. అయినా తొలి మ్యాచ్‌లోనే ప్యూర్టోరికో చేతిలో 92-73తో చిత్తయ్యారు. త్రీ పాయింట్ గీత బయటి నుంచి 24 సార్లు ప్రయత్నిస్తే బాస్కెట్‌లో పడ్డవి మూడే! దూరం నుంచి గురి చూసి కొట్టేవాళ్లు తక్కువ కావడంతో ప్రత్యర్థులు రింగ్ దగ్గరే కాపు కాశారు. చివరికి కాంస్యంతో సరిపెట్టుకున్నారు.

2005లో ఎంపిక బాధ్యత జెర్రీ కొలాంజెలోకి అప్పగించారు. మూడేళ్లు కట్టుబడి ఉండాలని ఆయన ఆటగాళ్లను అడిగారు. 2008 బీజింగ్‌కి కోబీ బ్రయంట్, లెబ్రాన్‌లతో పాటు దూరం నుంచి కొట్టే మైకేల్ రెడ్, డిఫెన్స్‌లో దిట్ట టేషాన్ ప్రిన్స్, ఆట నడిపించే 35 ఏళ్ల జేసన్ కిడ్ వెళ్లారు. ఫైనల్లో స్పెయిన్‌పై 118-107తో గెలిచి స్వర్ణం తెచ్చారు.

ఊళ్లో కబడ్డీ ఆడినవాళ్లకి ఇది తెలిసిన లెక్కే. ఏడుగురూ రైడర్లే అయితే కార్నర్‌లో కాలు పట్టేదెవరు?

తెలిసీ నేను ఫైనలియర్‌లో అదే తప్పు చేశాను. ప్రాజెక్టుకి నలుగురం, నలుగురికీ కోడింగే కావాలి. టెస్టింగ్ ఎవరూ పట్టించుకోలేదు. రివ్యూ రోజు లాగిన్ పేజీ దగ్గరే యాప్ ఆగిపోయింది. ఆ అవమానంతోనే టెస్టింగ్ నేర్చుకున్నా. నా మొదటి ఉద్యోగం అందులోనే వచ్చింది.

అందుకే జాబ్ నోటిఫికేషన్ చూడగానే ‘నాకేం వచ్చు’ అని మాత్రమే ఆలోచించకండి. ‘ఈ టీమ్‌లో ఏ ఖాళీ ఉంది’ అని కూడా వెతకండి. టెస్టింగ్, డేటాబేస్, క్లయింట్‌తో ఓపిగ్గా మాట్లాడటం... వీటిల్లో ఒక్కటి గట్టిగా పట్టుకోండి. బేసిక్స్ అందరికీ రావాల్సిందే, అందులో రాజీ లేదు. ఆపైన మీకంటూ ఒక పని ఉండాలి.

ఇంత చేసినా రిజెక్ట్ కావచ్చు. అప్పుడు మన హైదరాబాదీ సిరాజ్‌ని గుర్తు చేసుకోండి. 2024 టీ20 ప్రపంచకప్‌లో మొదటి మూడు మ్యాచ్‌లు ఆడాడు. వెస్టిండీస్ చేరాక స్పిన్నర్ కుల్‌దీప్ కోసం బెంచ్‌కి పరిమితమయ్యాడు. అక్కడి పిచ్‌లకి కావాల్సింది వేరు, అంతే. 2025 ఆగస్టులో ఓవల్ టెస్టులో అదే సిరాజ్ 9 వికెట్లు తీస్తే మనం 6 పరుగులతో గెలిచాం.

ఈ రాత్రికి ఒక పని చేయండి. మీ రెజ్యూమెలో ప్రాజెక్టు పేరు కింద, టీమ్ చేసింది కాకుండా, మీరొక్కరే చేసిన పని ఒక్క లైన్‌లో రాయండి. రాయడానికి ఏమీ దొరక్కపోతే, రేపటి నుంచి ఏం నేర్చుకోవాలో మీకే తెలుస్తుంది.