ఎంజైమ్‌కు పలుపుతాడు!

కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టదు. తోలు ఒకటే, కొలత ఒకటే. అయినా తేడా కాలికి ఇట్టే తెలిసిపోతుంది. మన ఒంట్లోని మాంసకృత్తులదీ ఇదే వరస. వాటిని కట్టే ఇటుకలు అమైనో ఆమ్లాలు. మొత్తం ఇరవై రకాల్లో గ్లైసిన్ తప్ప మిగతావాటికి ఎడమ, కుడి రూపాలున్నాయి. మన మాంసకృత్తులకు పనికొచ్చేవి మాత్రం ఎడమవే. శాస్త్రవేత్తలు వీటిని 'ఎల్' రకం అంటారు, కుడివాటిని 'డి' రకం అంటారు.

నోటితో తినలేని రోగికి సెలైన్‌లాగే అమైనో ఆమ్లాలనూ నరంలోకి ఎక్కిస్తారు. అందుకు 'ఎల్' రకమే కావాలి. చిక్కేమిటంటే, మామూలు రసాయన పద్ధతుల్లో తయారుచేస్తే రెండూ సగం సగం కలిసి వస్తాయి. మరి వేరుచేసేదెలా?

జపాన్‌లోని ఒసాకాకు చెందిన తనాబే సెయాకు అనే మందుల కంపెనీ ఈ పనిని ఓ బూజుకు అప్పగించింది. దాని పేరు ఆస్పర్‌జిల్లస్ ఒరైజే. జపాన్‌వాళ్లు సోయాసాస్ తయారీలో వాడేదే! దాన్నుంచి తీసిన అమైనోఎసైలేజ్ అనే ఎంజైమ్ ఎడమ, కుడి ఇట్టే పోల్చుకుంటుంది. ముందు రెండు రకాలకూ ఎసిటైల్ అనే తోక తగిలిస్తారు. ఎంజైమ్ ఎడమవాటి తోకను మాత్రమే కత్తిరిస్తుంది. తోక తెగినవాటిని స్ఫటికాలుగా వేరుచేస్తారు. మిగిలిన కుడివాటిని వేడిచేస్తే మళ్లీ రెండు రకాల మిశ్రమం అవుతుంది. దాన్ని తిరిగి ఎంజైమ్ దగ్గరికి పంపుతారు.

ఇంత పొదుపులోనూ వృథా అయ్యేది ఎంజైమే. ద్రావణంలో కరిగిపోయిన దాన్ని తొలగించాలంటే ఆమ్లం కలిపి, వేడిచేసి చంపాల్సిందే. ప్రతి విడతకూ కొత్త ఎంజైమ్ పోయాలి. ఆ శుద్ధిలో కొంత సరుకూ పోయేది. ఆ ఖర్చంతా చివరికి మందు ధర మీదే పడుతుంది కదా!

ఇచిరో చిబాతా, తెత్సుయా తోసాల బృందం దీనికి విరుగుడు కనిపెట్టింది. పశువును గుంజకు కట్టేసినట్టు ఎంజైమ్‌ను డీఈఏఈ-సెఫడెక్స్ అనే సన్నటి పూసలకు కట్టేసింది. తాడు ఏమిటంటారా? విద్యుదావేశాల ఆకర్షణే. ఆ పూసలను గొట్టంలో నింపి ద్రావణాన్ని పారిస్తే చాలు, తోకలు తెగిన 'ఎల్' రకం అవతలి వైపు వచ్చేస్తుంది. ఎంజైమ్ ఉన్నచోటే ఉంటుంది. కొన్ని వారాలకు దాని సత్తువ తగ్గితే అవే పూసలకు మళ్లీ ఎంజైమ్ పట్టిస్తారు. 1969లో ఫ్యాక్టరీలో ఇది మొదలైంది. కట్టేసిన ఎంజైమ్‌తో పారిశ్రామికంగా సరుకు తీయడం ప్రపంచంలో అదే మొదలంటారు. తయారీ ఖర్చు దాదాపు 40 శాతం తగ్గింది.

1973లో అదే కంపెనీ ఏకంగా ఈ.కోలై బ్యాక్టీరియా కణాలనే జెల్‌లో బంధించి ఆస్పార్టిక్ ఆమ్లాన్ని తీసింది. చక్కెర లేని తీపి 'ఆస్పర్టేమ్'కు ముడిసరుకుల్లో ఈ ఆమ్లమూ ఒకటి.

ఈ కిటుకు అమైనో ఆమ్లాల దగ్గరే ఆగలేదు. డాక్టర్లు తరచూ రాసే అమాక్సిసిలిన్‌కు మూలపదార్థాన్ని పెన్సిలిన్ నుంచి తీయడానికీ కట్టేసిన ఎంజైమే వాడతారు. ఈసారి ఇంట్లో ఆ గోళీల అట్ట కనిపిస్తే, దాని వెనక ఓ పలుపుతాడు ఉందని పిల్లలకు చెప్పండి!