కిర్‌స్టీ కొవెంట్రీ

కిర్‌స్టీ కొవెంట్రీ జింబాబ్వేకు చెందిన సుప్రసిద్ధ ఈత క్రీడాకారిణి. 1983, సెప్టెంబరు 16న హరారేలో జన్మించింది. 2000 సిడ్నీ మొదలు 2016 రియో వరకు వరుసగా ఐదు ఒలింపిక్ క్రీడలలో పాల్గొంది. 2004 ఏథెన్స్, 2008 బీజింగ్ క్రీడలలో కలిపి 7 పతకాలు (2 స్వర్ణ, 4 రజత, 1 కాంస్య) సాధించింది. స్వర్ణాలు రెండూ 200 మీటర్ల వెల్లకిల ఈతలో లభించినవే. జింబాబ్వే ఇంతవరకు గెలిచిన ఒలింపిక్ పతకాలు 8 మాత్రమే. మిగిలిన ఒక్కటి 1980 మాస్కోలో మహిళల హాకీ జట్టుది. శ్వేతజాతి రైతుల భూముల స్వాధీనంతో జాతి వైషమ్యాలు రగులుతున్న కాలంలో ఈ శ్వేతజాతి యువతికి హరారేలో ఘనస్వాగతం లభించడం గమనార్హం. అయితే ఆమె రాటుదేలింది అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో. కనుక ఆ పతకాలను స్వదేశంలోని క్రీడా వసతులకు కొలమానంగా భావించరాదు.

'''రాజకీయ జీవితం, వివాదాలు'''

2018లో మ్నంగాగ్వా ప్రభుత్వంలో క్రీడామంత్రి అయింది. ఆ హయాంలోనే, ప్రభుత్వ జోక్యం కారణంగా 2022లో ఫిఫా జింబాబ్వేను బహిష్కరించింది. 2023లో నిషేధం తొలగింది. 2025 మార్చి 20న అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షురాలిగా ఎన్నికైంది. ఆ పదవికి ఎన్నికైన తొలి మహిళ, తొలి ఆఫ్రికా వ్యక్తి ఆమెయే. పోలైన 97 ఓట్లలో తొలి విడతలోనే సరిగ్గా అవసరమైన 49 దక్కాయి. క్రీడాసంఘాలలో ప్రభుత్వాలు తలదూర్చరాదనేది ఆ కమిటీ మూలసూత్రం. మాజీ మంత్రి దానిని ఏ మేరకు నిలబెట్టగలరన్నదే విమర్శకుల ప్రశ్న. 2025 జూన్‌లో బాధ్యతలు చేపట్టిన వెంటనే ఆతిథ్య నగరాల ఎంపికను సమీక్ష కొరకు నిలిపివేసింది. 2036 క్రీడలను ఆశిస్తున్న భారతదేశానికి కూడా ఈ నిర్ణయం వర్తించింది.