తరిమే జీపుకు రాజ్యాంగం అడ్డుగోడా?



దొంగను తరిమే పోలీసు జీపు దారిన పోయేవాణ్ణి గుద్దినా సర్కారును అడగలేమంటూ గత సంచికలో ఒక పాఠకుడు 1964 నాటి కస్తూరిలాల్ తీర్పు చూపించారు. ఆ కేసు విచిత్రం. మీరట్ ఠాణాలో జప్తు చేసిన బంగారంతో హెడ్ కానిస్టేబులే పాకిస్తాన్ పారిపోయాడు. అయినా అది సార్వభౌమాధికార విధి కాబట్టి ప్రభుత్వం పరిహారం ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు తేల్చింది.

అయితే ఆ తీర్పు ప్రాణాల దగ్గర పనికిరాదు. 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు మీద బాంబులు వేసి ఖైదీని చంపిన కేసులో, జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం ముందు ఆ సార్వభౌమాధికార వాదన చెల్లదని 2000లో అదే కోర్టు చెప్పింది. మన బెంగాల్ నుంచి లాకప్ మరణాలపై డి.కె. బసు రాసిన ఉత్తరంతో మొదలై 1996లో వచ్చిన తీర్పుదీ అదే మాట.

ఇక తరిమే జీపు సంగతికొస్తే, అమెరికాలో 1998 నాటి లూయిస్ తీర్పు ప్రకారం, తరిమే పోలీసుకు హాని చేయాలన్న ఉద్దేశం ఉంటేనే రాజ్యాంగ బాధ్యత. మన మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో నిర్లక్ష్యం రుజువైతే చాలు. ఖరగ్‌పూర్ గోల్‌బజార్ రద్దీలో బైకును తరమడం కన్నా, నంబరు రాసుకుని వైర్‌లెస్‌లో ముందు ఠాణాకు చెప్పడం కష్టమా? దీనికి గత సంచికలో రాసిన ఆ పాఠకుడు జవాబు రాస్తే బాగుండు.

— ఒక పాఠకుడు, ఖరగ్‌పూర్