హృద్రోగులకు మన కొలత యేది?

గుండెకు రక్తమును గొనిపోవు ధమనులు పూడుకొనినవారికి శస్త్రచికిత్స చేయుటకు ముందు, రోగి వయస్సు, మూత్రపిండముల స్థితి, గుండె బలము మున్నగువానినిబట్టి వైద్యులు ప్రాణాపాయమును అంచనా కట్టుచున్నారు. 1999లో వెలువడిన యూరోస్కోరు ఇట్టి కొలతయే. ఎనిమిది ఐరోపా దేశములలోని సుమారు 19,000 మంది రోగుల వృత్తాంతములనుండి అది పుట్టినది. చికిత్స మెరుగుపడినకొలది అది అపాయమును ఎక్కువచేసి చూపుచుండుటచే, 2012లో 43 దేశముల రోగుల లెక్కలతో దానిని సవరించిరి.

తమ తూనికను తామే సరిచూచుకొనిన వారి బుద్ధి ప్రశంసనీయము. మరి మనమో? మనవారికి హృద్రోగము ఐరోపీయులకంటె చిన్నవయస్సుననే సంక్రమించుచున్నది. మధుమేహమును విస్తారముగా గలదు. అన్యుల కొలతను మన ప్రజలపై పరీక్షింపక విశ్వసించుట వివేకము కాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007లో ఆరోగ్యశ్రీ ఆరంభమైనది మొదలు పేదలకును ఈ చికిత్సలు అందుబాటులోనికి వచ్చినవి. వ్యయమైన ధనమునకు లెక్క యుంచిన చాలదు. చికిత్సానంతరము ఏడాదికి ఎందరు జీవించియున్నారో, ఎందరు మందులు మానివేసిరో ప్రతి ఆసుపత్రియు ప్రకటింపవలయును.

అట్లు ప్రకటించినచో అపాయస్థితిలోని రోగులను ఆసుపత్రులు త్రోసిపుచ్చునని కొందరి భయము. ఆ భయము నిరాధారము కాదు. కాని రోగుల అపాయమును ముందే కొలిచి, దానితో ఫలితమును పోల్చినచో, కఠినమైన రోగమును చేపట్టిన వైద్యునికి అన్యాయము జరుగదు. ముందంచనా యొక్క ముఖ్యప్రయోజన మిదియే.

ప్రభుత్వములారా, ఈ లెక్కను నిర్బంధము చేయుడు. వైద్యులారా, శస్త్రమునకు ముందే రోగికి వాని అపాయమును వాని భాషలో తెలుపుడు.