ముందు ఫెస్ట్, తర్వాత స్విచ్

"ప్రీమియర్ వదిలేసి డావిన్సీ రిజాల్వ్‌కి మారదామా?" ఫెస్ట్ వీడియోలు చేసే టీముల్లో తరచూ వినిపించే మాట ఇది. నా ఓటు మారదామనే. కాకపోతే ఫెస్ట్ అయ్యాక.

అడోబీ 2013 నుంచి ప్రీమియర్ ప్రో కొత్త వెర్షన్లను చందా మీదే ఇస్తోంది. చందా ఆపేస్తే మన ప్రాజెక్టుని మనమే ఎడిట్ చేసుకోలేం. రిజాల్వ్ ఉచిత వెర్షన్ అల్ట్రా హెచ్‌డీ దాకా ఎక్స్‌పోర్ట్ చేస్తుంది. మన అవసరానికి అది చాలు.

అయితే మారడం ఫ్రీ కాదు. లాప్‌టాప్‌లో మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. పాత టైమ్‌లైన్‌ని ఎక్స్‌ఎంఎల్‌గా తీసుకెళ్తే కట్స్ వస్తాయి గానీ, టైటిల్స్, ఎఫెక్టులు చాలావరకు మళ్లీ చేసుకోవాల్సిందే. 2011లో యాపిల్ ఫైనల్ కట్ ప్రో ఎక్స్ తెచ్చినప్పుడు పాత ప్రాజెక్టులు అందులో ఓపెన్ కాలేదు. విసిగిపోయిన ఎడిటర్లు చాలామంది వేరే సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిపోయారు.

అందుకే చేతిలో ఉన్న పని పాతదాంట్లోనే ముగిద్దాం. ఫైనల్ వీడియోతో పాటు ఒరిజినల్ ఫుటేజ్, ఆడియో విడిగా దాచుదాం. ఆ తర్వాత ఒక చిన్న రీల్‌తో రిజాల్వ్ మొదలుపెడదాం. మనం ఏది వాడినా, రేపు జూనియర్లు అడిగితే మన పని ఓపెన్ అవ్వాలి కదా!