వరస చివర మాటను సరిగ్గా విరుద్దాం
హుజూర్‌నగర్ ప్రెస్సుల వారికి, డీటీపీ ఆపరేటర్లకు, సంచికలు వేయించే బడులకు, గుడులకు, సంఘాలకు విన్నపం



మన ఊళ్లో అచ్చయ్యే సంచికల్లో, కరపత్రాల్లో వరస చివర తెలుగు మాట విరుగుతున్న తీరు బాగాలేదు. దాన్ని బాగు చేసుకోవడానికి కావలసిన సరంజామా అంతా ఇప్పటికే తయారై ఉంది, చాలా వరకు ఉచితం కూడా. కంపోజింగును, తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లు ఉండే యూనికోడ్‌కు మార్చుదాం. ఏ వాక్యం ఏ భాషదో కంప్యూటరుకు చెబుదాం. మాట విరిచే పని మన చేతుల్లోంచి తీసి దానికి అప్పగిద్దాం. ఈ కరపత్రం అడిగేది ఇదే.

ఇప్పుడు జరుగుతున్నది అందరికీ తెలుసు. పేజ్‌మేకర్‌లో అను ఫాంటుతో కొడుతున్నాం. తెర మీద కనిపించేది తెలుగే గాని, లోపల ఉన్నవి ఇంగ్లిషు అక్షరాల కోడ్‌లు. ‘ప్రభుత్వం’ అని మనం కొడితే అదేదో అర్థంలేని ఇంగ్లిషు మాట అనుకుంటుంది కంప్యూటరు. హైఫనేషన్ ఆన్ చేసి వదిలేస్తే ఇంగ్లిషు పద్ధతిలోనే విరుస్తుంది. ‘ప్రభుత’ పై వరసలో ఆగిపోయి, వ ఒత్తు కింది వరస మొదట్లో దిక్కులేకుండా వేలాడుతుంది. అందుకే ఆపరేటర్లు ముందే హైఫనేషన్ ఆఫ్ చేసి పెట్టుకుంటారు. ఆఫ్ చేస్తే ఇంకో తిప్పలు. తెలుగు మాటలు పొడుగు. ‘చేయించుకోవాల్సివచ్చినప్పుడు’ లాంటి మాట మూడు కాలమ్‌ల పేజీలో దాదాపు వరసంతా తినేస్తుంది. అది పట్టక కిందికి దిగితే, పై వరసలో మిగిలిన రెండు మాటల మధ్య బారెడు ఖాళీ పడుతుంది. అది చూడలేక ఆపరేటరు తన చేత్తో గీత కొట్టి, ఎంటర్ నొక్కి మాటను తానే విరుస్తాడు.

ఆ గీతే తర్వాత కొంప ముంచుతుంది. ప్రూఫులో ఒక మాట కొత్తగా చేరినా, ఒక వాక్యం ఎగిరిపోయినా వరసలన్నీ జరుగుతాయి. గీత మాత్రం అక్కడే ఉండిపోతుంది. నేను ప్రూఫు దిద్దిన ఒక బడి సంచికలో రెండు కాలమ్‌లుగా కూర్చిన వ్యాసాన్ని చివరి నిమిషంలో ఒకే కాలమ్‌కు మార్చారు. అచ్చయ్యాక చూస్తే ‘చదువు-కున్న’, ‘ఉపా-ధ్యాయులు’, ‘తల్లిదం-డ్రులు’ అని పేజీ పొడుగునా వరసల నడుమ గీతలే. పిల్లలు ఆ సంచికను ఇంటికి తీసుకుపోయి, అచ్చులో ఉన్నది కాబట్టి అదే ఒప్పనుకుని చదివారు.

గీత కూడా పెట్టకుండా విరిచే అలవాటు ఇంతకన్నా చెడ్డది. పురుగుమందు జాగ్రత్తల కరపత్రంలో ‘మందు కొట్టిన చేనులో పశువులను మేప’ అని పై వరస ముగిసి, ‘రాదు’ అన్నది కింద పడిందనుకోండి. కూడబలుక్కుని చదివే రైతుకు మాట ఇంకా ఉందని తెలిపే గుర్తేదీ అక్కడ లేదు. పెద్ద పుస్తకాల్లో గీత ఉండాలా వద్దా అని పండితులు వాదించుకుంటే వాదించుకోనివ్వండి. పిల్లలు చదివేదానిలో, మందుల గురించి, కరెంటు గురించి చెప్పేదానిలో గీత ఉండి తీరాలని నా మాట.

మాట ఎక్కడ విరవాలో యంత్రానికి నేర్పే పద్ధతి కొత్తదేమీ కాదు. డొనాల్డ్ కనూత్ తయారుచేసిన టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థ కోసం ఆయన శిష్యుడు ఫ్రాంక్ లియాంగ్ ఈ పద్ధతిని రూపొందించి, 1983లో స్టాన్‌ఫర్డ్‌లో తన పరిశోధన గ్రంథం ఇదే విషయం మీద సమర్పించాడు. ఇంగ్లిషు స్పెల్లింగు చూసి మాట ఎక్కడ విరుగుతుందో చెప్పలేం. అందుకని దానికి 4,447 చిన్న సూత్రాల పట్టిక కావలసి వచ్చింది. అయినా లొంగని మాటల్ని విడిగా జాబితా రాసి పెట్టుకోవలసి వచ్చింది. తెలుగుకు ఆ బాధ లేదు. మన అక్షరం హద్దు కంటికి కనిపిస్తూనే ఉంటుంది. కేరళకు చెందిన సంతోష్ తోట్టింగల్ తెలుగుతో సహా భారతీయ భాషలకు ఇలాంటి పట్టికలు రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. తెలుగు పట్టికలోని సూత్రాలు వంద లోపే. గుణింతం తర్వాత విరవవచ్చు, దాన్ని హల్లు నుంచి మాత్రం విడదీయరాదు. సున్న, విసర్గ తమ ముందున్న అక్షరాన్ని వదలవు. పొల్లుకు అటూ ఇటూ విరవరాదు, కనుక ఒత్తు తన హల్లును విడిచి పోదు. మొత్తం సారం ఇంతే. ఒకటో తరగతి పలక మీద నేర్చుకున్నదే.

అయితే కొట్టేటప్పుడు మనం సరిగ్గా కొట్టాలి. మన ఊరి పేరే తీసుకోండి. ‘హుజూర్‌’ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనపడని గుర్తు వేస్తేనే ర్ పొల్లుగా నిలబడి, న విడిగా వస్తుంది. ఆ గుర్తు మరిచిపోతే ర కింద న ఒత్తు చేరి ‘హుజూర్నగర్’ అవుతుంది. చూడ్డానికే వికారం, విరిగితే ‘హుజూ-ర్నగర్’ అని ఇంకా వికారం. గుర్తు ఉంటే ‘హుజూర్‌-నగర్’ అని విరగాల్సిన చోట విరిగే వీలుంటుంది. జాన్‌పహాడ్‌దీ ఇదే సంగతి. మన మండలాల్లో అచ్చయ్యే ప్రతి పోస్టరు మీదా ఉండే పేర్లు ఇవి. కనీసం ఇవైనా తప్పు లేకుండా పడాలి.

ఇక భాషల సంగతికి వస్తాను. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇక్కడే. మన దగ్గర ఏ పనీ ఒక్క భాషలో ఉండదు. జాన్‌పహాడ్ ఉర్సుకు తెలుగు, ఉర్దూ కలిసి పడాలి. మేళ్లచెరువు శివరాత్రి జాతర పుస్తకంలో తెలుగు లిపిలో సంస్కృత శ్లోకాలు ఉంటాయి. సిమెంటు ఫ్యాక్టరీ భద్రతా సూచనలు తెలుగు, హిందీ, ఇంగ్లిషు మూడింట్లో ఉంటే తప్ప పనిచేసే వాళ్లందరికీ అందవు. కంప్యూటరుకు ఏది ఏ భాషో చెప్పకపోతే అన్నింటినీ ఒకే పట్టికతో చూస్తుంది. తెలుగు పేరాలో వచ్చిన ఇంగ్లిషు మాటకు తెలుగు పట్టికలో ఒక్క సూత్రం కూడా ఉండదు. అది విరగక మార్జిన్ దాటి బయటికి పొడుచుకొస్తుంది. పేరా మొత్తానికి ఇంగ్లిషు అని గుర్తు ఉంటే తెలుగు మాటలు విరగడం మానేస్తాయి. సంస్కృతానికి వేరే పట్టిక ఉంది, తెలుగు లిపిలో రాసిన శ్లోకాలకూ అది పనిచేస్తుంది. ఉర్దూలో వరస చివర మాటను విరవరు. కాబట్టి దానికి హైఫనేషన్ ఆపేసి, కుడి నుంచి ఎడమకు నడిచేట్టు పెట్టాలి. 2017 నుంచి రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష. దాన్ని బొమ్మలా అతికించి చేతులు దులుపుకోవడం మర్యాద కాదు. తండాల్లో లంబాడీ మాటను తెలుగు లిపిలో రాసేవాళ్లు ఉన్నారు. మన సూత్రాలు అక్షరం హద్దు మీద నడిచేవే గనుక తెలుగు పట్టికతోనే వాళ్ల పాటలూ కథలూ శుభ్రంగా కూర్చవచ్చు.

పని ఎలా మొదలుపెట్టాలి? పుస్తకాలకైతే టెక్ ఆధారంగా నడిచే జీలాటెక్ లేదా లువాలాటెక్ నా మొదటి ఓటు. పాలిగ్లాసియా గాని బేబెల్ గాని అనే భాషల ప్యాకేజీని పిలిచి, ప్రధాన భాష తెలుగు, తోడు భాషలు ఫలానా అని ఫైలు మొదట్లో ఒక్కసారి రాస్తే చాలు. ఆ తర్వాత శ్లోకం వచ్చిన చోట సంస్కృతమని, ఇంగ్లిషు వాక్యం వచ్చిన చోట ఇంగ్లిషని గుర్తు పెట్టుకుంటూ పోతాం. ఇన్‌డిజైన్ వాడేవాళ్లు వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకుని, ఒక్కో భాషకు ఒక్కో క్యారెక్టర్ స్టైల్ కట్టుకోవాలి. 2012లో వచ్చిన సీఎస్6 నుంచి అందులో తెలుగు హైఫనేషన్ ఉంది. చిన్న కరపత్రానికి లిబ్రేఆఫీస్ చాలు, తెలుగు పట్టిక అందులోనూ ఉంది. చేత్తో విరవక తప్పని చోట మామూలు గీత వద్దు, సాఫ్ట్ హైఫన్ వేయండి. వరస చివర పడితేనే కనిపిస్తుంది, మధ్యలోకి వస్తే మాయమవుతుంది.

ఒక్క చిక్కు ఉంది, దాన్ని దాచను. వరస చివర కనీసం ఎన్ని అక్షరాలు మిగలాలో మనం చెప్పవచ్చు గాని, యంత్రం లెక్కపెట్టేది అక్షరాల్ని కాదు, కోడ్‌లను. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు కోడ్‌లు. అందుకని ఆ సంఖ్య ఒక్కదాన్నే నమ్ముకోకుండా, మాట చివరి పొల్లు ఒంటరిగా కిందికి జారకుండా చూసేందుకు ఒక ప్రూఫు కన్ను కావాలి. అలా దొరికిన మాటల్ని మినహాయింపుల జాబితాలో రాసి పెట్టుకోవాలి. ఈ జాబితా ఏ ప్రెస్సుకు ఆ ప్రెస్సు దాచుకునేది కాకూడదు. ఊరికంతా ఒక్కటే ఉండాలి. మన ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, పంటల పేర్లు, ఆఫీసు మాటలు అందులో ఉండాలి. సీసం అక్షరాలు పేర్చిన పాత కంపోజిటర్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఏ మాట ఎక్కడ విరిస్తే చదివేవాడు తడబడడో వాళ్ల వేళ్లకు తెలుసు. ముందుగా వాళ్లనే అడుగుదాం.

‘గిరాకీలు అను ఫైళ్లే తెస్తారు’ అంటారు కొందరు. పాత ఫైళ్లను అలాగే ఉండనివ్వండి. కొత్తగా కొట్టేది యూనికోడ్‌లో కొడదాం. ‘పెళ్లి కార్డులకు అందమైన అక్షరాలు ఎక్కడివి’ అంటారు. కార్డు మీది పేర్లకు ఇష్టమైన ఫాంటు వాడుకోండి, పేర్లను ఎవరూ విరవరు. నేను మాట్లాడుతున్నది పేరాల గురించి. వాటికి మంచి ఫాంట్లు ఎన్నో ఉన్నాయి. 2012 డిసెంబరులో తిరుపతిలో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన సమయంలో ప్రభుత్వం ఉచితంగా విడుదల చేసినవి, ఆ తర్వాత వచ్చినవి, నోటో కుటుంబం ఉన్నాయి. సురవరం ప్రతాపరెడ్డి పేరు మీదా ఒకటి ఉంది. ‘ప్రెస్సులో ప్లేటు ఎలా తీస్తారు’ అన్నదానికి జవాబు చిన్నది. నేను చెప్పిన సాఫ్ట్‌వేర్లన్నీ పీడీఎఫ్ ఇస్తాయి, ప్లేటుకు కావలసింది అదే.

1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు ‘నీలగిరి’ పత్రిక నడిపారు. 1926లో మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదులో ‘గోలకొండ’ పత్రిక మొదలుపెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగు అచ్చు వేయడమే పోరాటమైన రోజుల్లో వాళ్లు ఒక్కో అక్షరం చేత్తో పేర్పించి ఆ పని చేయించారు. మనకు ఆ కష్టంలో నూరో వంతు కూడా లేదు.

కాబట్టి అడుగుతున్నాను. ప్రతి ప్రెస్సూ రాబోయే ఒక్క పనిని, అది బడి సంచిక కావచ్చు, జాతర పుస్తకం కావచ్చు, ఈ పద్ధతిలో చేసి చూడండి. సంచిక వేయించే హెడ్‌మాస్టర్లు, గుడి కమిటీలు, దర్గా పెద్దలు ఆర్డరిచ్చేటప్పుడే ‘యూనికోడ్‌లో, భాష గుర్తులతో’ అని రాసి ఇవ్వండి. ఆపరేటర్లు తమకు దొరికిన చెడు విరుపుల్ని ఒక కాగితం మీద రాసి పెట్టండి. నెలకోసారి అందరం కూర్చుని ఆ కాగితాలు కలిపి ఒకే జాబితా చేద్దాం. ఎవరికైనా లాటెక్ ఎక్కించడం రాకపోతే వాళ్ల కంప్యూటరు దగ్గరికే వచ్చి ఎక్కించి, మొదటి ఫారం పక్కన కూర్చుని చేయించి వెళ్తాను. డబ్బు అక్కర్లేదు.

ఇట్లు,
హుజూర్‌నగర్ ప్రూఫ్‌రీడర్ ఒకరు