లడ్డు ఎవరు తినవలెను?

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఉపాధ్యాయులుగా నున్నవారికి ఒక భాగ్యము కలదు. దేశమును చూచుటకు వారు రైలెక్కనక్కరలేదు. దేశమే వారి తరగతి గదికి నడచివచ్చును. బీహారు నుండియు, ఒడిశా నుండియు కర్మాగారములలో పనికి వచ్చినవారి బిడ్డలును, జోగిపేట, నారాయణఖేడు వైపుల నుండి పొలములు విడిచి వచ్చినవారి బిడ్డలును ఒకే బల్లపై కూర్చుందురు. వారి యింటి భాషలు వేరు, పండుగలు వేరు, తిండి వేరు. కాని మధ్యాహ్న విరామములో ఆట మొదలైనప్పుడు వారికందరికిని తెలిసిన కథ మాత్రము ఒక్కటే. అది రామాయణము కాదు, భారతమును కాదు. ఛోటా భీమ్.

హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ నిర్మించిన ఈ బొమ్మల కథ 2008లో పోగో టెలివిజనులో మొదలైనది. ఢోలక్‌పూర్ అని ఒక ఊహారాజ్యము. అందులో భీమ్ అను తొమ్మిదేండ్ల బాలుడు, అతని చెలికాండ్రు రాజు, జగ్గు అను కోతి, చుట్కీ అను బాలిక. ఎదుటి పక్షమున కాలియా. ఆపద వచ్చినప్పుడు భీమ్ లడ్డు తినును; తిన్నంతనే అతనికి మహాబలము కలుగును. ఆ లడ్డులు చుట్కీ యింటివి. ఆమె తల్లి టుంటున్ మౌసీ లడ్డులు చేసి అమ్ముకొని బ్రతుకును.

ఒకనాడు నేను వరండాలో నిలిచి పిల్లల ఆట చూచుచుంటిని. ఒక బాలుడు భీమ్ అయినాడు. గులకరాళ్లు లడ్డులైనవి. అతడొక బాలికను పిలిచి, "నువ్వు చుట్కీవి. లడ్డులు తే" అనెను. ఆ పిల్ల రాళ్లు ఏరి తెచ్చినది గాని చేతికీయలేదు. "నేన్ జేసిన లడ్డు నేనే తింట. నాకు బలం రాదా?" అని అడిగినది. బాలుడు తికమకపడి, "అట్ల ఉండది" అనెను. "ఎందుకుండది?" "టీవీల అట్ల లేదు." అంతటితో ఆట నిలిచిపోయినది. ఇద్దరును నా వైపు చూచిరి. ఇన్నేండ్లుగా పాఠములు చెప్పుచున్న నేనును వెంటనే సమాధానము చెప్పలేకపోతిని.

బలమిచ్చు వస్తువును తయారు చేయు చేయి ఒకటి, దానిని తిని వీరుడనిపించుకొను నోరు మరియొకటి. ఇది ఆటలోని సంగతియే యని త్రోసివేయుదమా? అట్లు త్రోసివేయుటకు వీలులేని ముచ్చట ఒకటి 2018లో అమెరికాలో జరిగినది. దానిని ముందు చెప్పి, తిరిగి మన వరండాకు వత్తును.

1980 తరువాతి యేండ్లలో అమెరికాలో మాటెల్ అను ఆటబొమ్మల కంపెనీ 'హీ-మాన్' అను వీరుని బొమ్మలను అమ్ముచుండెను. ఆ బొమ్మల కథను 1983లో ఫిల్మేషన్ అను సంస్థ టెలివిజనుకు తెచ్చెను. మగపిల్లలు కొనుచున్నారు, ఆడపిల్లలు మాత్రమేల కొనకూడదని తలచి, 1985లో ఆ వీరునికి ఒక కవల సోదరిని కల్పించిరి. ఆమె పేరు అడోరా. ఖడ్గమెత్తినచో 'షీ-రా' అగును. వ్యాపారదృష్టితో పుట్టినదైనను ఆ కథ ఎందరో బాలికలకు ప్రాణతుల్యమైనది. ముప్పది మూడేండ్ల పిమ్మట, 2018 నవంబరు 13న, డ్రీమ్‌వర్క్స్ సంస్థ దానినే క్రొత్తగా నిర్మించి నెట్‌ఫ్లిక్స్ ద్వారా విడుదల చేసినది. ఈ క్రొత్త కథకు రూపకల్పన చేసినవారు ఎన్.డి. స్టీవెన్సన్. ఈసారి సోదరుని ప్రసక్తి లేదు. నాయిక తన కథకు తానే నాయిక. రూపమును మారినది. పాత షీ-రా సన్నని నడుముతో, అలంకారబొమ్మ వలె, నిండు వయసు స్త్రీగా కనిపించెడిది. క్రొత్త షీ-రా యౌవనము ఇంకను పూర్తిగా రాని పిల్ల. పరుగెత్తుటకు, దూకుటకు అనువుగా పావడా క్రింద లాగు తొడుగుకొన్నది.

ఆ సంవత్సరము జూలైలో కొన్ని చిత్తరువులు మాత్రమే వెలువడినవి. కథ యింకను ఎవరును చూడలేదు. అయినను కొందరు ప్రేక్షకులు, ముఖ్యముగా పాత కథను చిన్ననాట చూచిన పురుషులు, కోపగించిరి. మగపిల్లవాని వలె ఉన్నదనిరి, వంపుసొంపులు లేవనిరి. ఆ మాటలకు సమాధానముగా అనేకమంది చిత్రకారులు తమకు తోచిన రీతిలో షీ-రాను గీసి, ఆ క్రొత్త రూపమునకు అండగా నిలిచిరి. వాదము వారముల తరబడి సాగినది.

ఇచ్చట పాతను ప్రేమించువారిని ఎగతాళి చేయుట న్యాయము కాదు. చిన్ననాటి కథ ఒక విధముగా పుట్టిల్లు వంటిది. 1957లో వచ్చిన 'మాయాబజారు'ను రేపెవరైనను తిరిగి తీసి, శశిరేఖను గుర్తుపట్టరాకుండ మార్చినచో మనము మాత్రము ఊరకుందుమా? కావున పాత కథను మార్చినవారిని ప్రశ్నించు హక్కు ప్రేక్షకునికి కలదు. కాని విమర్శకు ఒక క్రమమున్నది. ముందు చూడవలెను, పిమ్మట ఏది పోయినది, ఏది వచ్చినదని తూచవలెను. ఇచ్చట తూచినది కథను కాదు, సాహసమును కాదు, ఒక పిల్ల నడుమును. అదియు పిల్లలకై గీసిన బొమ్మలో. దీనికంటె చింతింపదగిన విషయము మరొకటి లేదు.

అట్లు అలిగినవారు కోల్పోయినదేమో చూడుడు. ఆ కథలో అడోరా ఒక దండులో పెరిగిన అనాథ. అవతలివారు దుర్మార్గులని ఆమెకు నూరిపోసిరి. ఒకనాడు తన దండే ఒక గ్రామముపై విరుచుకుపడుట కన్నులార చూచినది, తాను నమ్మినది అబద్ధమని గ్రహించినది, దండును విడిచినది. ప్రాణస్నేహితురాలు కాట్రా ఆమెతో రాలేదు. పెంచినవారు తప్పు చేయుచున్నప్పుడు పెంపుడు బిడ్డ ధర్మమేమి? భారతములో కర్ణుని బాధించిన ప్రశ్నకు ఇది దూరపు చుట్టమే గదా! కర్ణుడు నిలిచిపోయెను, అడోరా బయలుదేరెను. ఏది ఒప్పని తొమ్మిదవ తరగతి విద్యార్థులు గంటసేపు వాదింపవచ్చును. 2020 మే నెలలో, 52 భాగములతో, ఆ కథ ముగిసినది. నడుము దగ్గరనే ఆగిపోయినవారికి ఆ ప్రశ్న ఎదురుపడనే లేదు.

విదేశీయుల తప్పులు వెదకుట సులభము. అదే సంవత్సరము, 2020 జూన్‌లో, మనవద్ద ఏమి జరిగినది? ఛోటా భీమ్ పెద్దవాడై రాకుమారి ఇందుమతిని పెండ్లాడెనని ఒక వదంతి పుట్టినది. దేశమంతటను ప్రేక్షకులు "చుట్కీకి న్యాయము కావలెను" అని నినాదమెత్తిరి. ఇన్నేండ్లు లడ్డులు పెట్టిన పిల్లను కాదని రాచబిడ్డను చేసికొనునా యని వారి ఆరోపణ. గ్రీన్ గోల్డ్ సంస్థ ప్రకటన చేయవలసివచ్చినది: వారందరును ఇంకను చిన్నపిల్లలే, ఎవరికిని పెండ్లి కాలేదు అని. చాలమందికి అది వినోదము. నేనును నవ్వితిని.

నవ్వు ఆగిన తరువాత ఆలోచన వచ్చినది. ఒక బొమ్మ బాలికకు న్యాయము కావలెనని ఇంతమంది గొంతెత్తిరి గదా, వారు కోరిన న్యాయమేది? పెండ్లి. లడ్డులు అప్పు వంటివి, మంగళసూత్రము ఆ అప్పు తీర్చుట వంటిది! పరిహాసములోనే కావచ్చును, కాని పరిహాసమునకు నోటికి వచ్చిన మాటయే మనసులో ముందుగా నున్న మాట. ఇది నేటి వ్యాధి మాత్రము కాదు. జైమిని భారతములోని ప్రమీల అర్జునుని యాగాశ్వమును పట్టి కట్టిన రాణి. అతనితో పోరాడిన స్త్రీ. ఆ కథయు పెండ్లితోనే ముగిసినది. అమెరికాలో కొందరు నాయికకు సొగసు కోరిరి, ఇచ్చట కొందరు నాయికకు పెండ్లి కోరిరి. ఆమె ఏమి చేయుచున్నది, ఏమి చేయగలదు అని అడిగినవారు ఉభయత్రా తక్కువే.

ఆడపిల్లకు కత్తి నిచ్చుట పడమటి మోజు అను పెద్దలకు ఒక మనవి. పోతన భాగవతములోని నరకాసుర వధ ఘట్టమును మనము ఏండ్ల తరబడి బోధించుచున్నాము. యుద్ధము చేయుచున్న సత్యభామ ముఖము ఒక్కటే. అది కృష్ణునికి చంద్రబింబముగను, శత్రువునకు సూర్యబింబముగను తోచినదని పోతన వర్ణించెను. భేదము ముఖములో లేదు, చూచువానిలో నున్నది. ప్రేక్షకుని గూర్చి ఇంతకంటె సూక్ష్మమైన మాట ఏ విమర్శకుడు చెప్పగలడు? మరియొక విశేషము. పోతన కథలో సత్యభామ రాక్షససేనను చెదరగొట్టినను, నరకుని శిరస్సు ఖండించినది కృష్ణుని చక్రమే. కాని దీపావళినాడు ఎన్నో ఇండ్లలో చెప్పుకొను కథలో నరకుని సంహరించినది సత్యభామయే. అనగా మన ప్రజలే ఆ కథను తిరిగి చెప్పి, నాయికకు ఒక మెట్టు ఎక్కువ ఇచ్చిరి. పాత కథను మార్చుట మనకు క్రొత్తయు కాదు, దోషమును కాదు.

మరి నాయికను ఎట్లు చూడవలెను? దీనికి సమాధానము మా సంగారెడ్డి జిల్లాలోనే, జహీరాబాదు సమీపమున పస్తాపూరులో దొరకినది. అచ్చట డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళిత మహిళలు, చిరుధాన్యములు పండించు రైతులు, కెమెరా పట్టి తమ చిత్రములను తామే తీయుట నేర్చిరి. 2008లో మాచనూరులో సంఘం రేడియో నెలకొల్పి తమ గొంతును తామే వినిపించిరి. వారిలో పలువురికి అక్షరములు రావు. కెమెరా నుంచు ఎత్తులకు ఇంగ్లీషు పేర్లు వారికి రుచింపక, తమ పేర్లు తాము పెట్టుకొనిరి. కంటికి కన్ను సమముగా నుంచి తీసిన దృశ్యమును వారు 'సంఘం షాట్' అందురు. సంఘములో అందరును సమానులు. ఒకరు పైన, ఒకరు క్రింద లేరు.

నాకు ఈ మాట గొప్ప సూత్రముగా తోచినది. పై నుండి క్రిందికి చూచువానికి నాయిక అంగడి సరుకు. నచ్చెనా, నచ్చలేదా యని తేల్చును. క్రింద నుండి పైకి చూచువానికి ఆమె దేవత. దేవతకు పొరపాటు చేయు స్వేచ్ఛ లేదు, అలసట లేదు, ఆకలియు లేదు. స్త్రీని నాయికగా నిలిపినంత మాత్రమున ప్రతి కథను ఆకాశమునకెత్తువారు ఈ రెండవ తప్పు చేయుచున్నారు. సమముగా నిలిచి చూచినప్పుడే ఆమె మనిషి యగును. భయపడును, తప్పు చేయును, దిద్దుకొనును. ఆకలియైనచో లడ్డు తినును.

ఉపాధ్యాయ మిత్రులారా! పిల్లలు బొమ్మల కథలు చూచుట మాన్పుట మన చేతిలో లేదు. తల్లియు తండ్రియు చెరియొక షిఫ్టుకు పోవు ఇండ్లలో సాయంకాలము పిల్లలకు తోడుండునది ఆ తెరయే. కాని చూచిన కథను గూర్చి అడుగుట మన చేతిలో నున్నది. ఆమె ఎట్లున్నదని కాక, మూడు ప్రశ్నలు అడుగుడు. ఆమెకు ఏమి కావలెను? ఆమె స్వయముగా తీసికొన్న నిర్ణయమేది? ఆమె చేసిన పని ఫలము ఎవరికి దక్కినది? ఈ ప్రశ్నలు సత్యభామకు సరిపోవును, షీ-రాకు సరిపోవును, చుట్కీకిని సరిపోవును. మూడవ ప్రశ్నను పిల్లలు ఒకనాడు ఇంటికి తీసికొనిపోదురు. షిఫ్టు దిగివచ్చి పొయ్యి వెలిగించు తల్లిని చూచి, ఈమె ఎప్పుడు తినునని అడుగుదురు. అదియే మనము కోరదగిన చదువు.

విద్యార్థులారా! కంది వద్ద ఐ.ఐ.టి. ద్వారము మీ బస్సు కిటికీ నుండి కనిపించును. అచ్చట ప్రవేశమునకు ఏ భీముడును మీకు అడ్డు కాదు. కాని పదవ తరగతి ముగిసిన పిమ్మట చదువు సాగునో లేదో తెలియని బాలికలు మీ ప్రక్క బల్లలపైననే కూర్చున్నారు. వారి కథలో వారు నాయికలా, లడ్డులు అందించువారా అనునది తెరపై తేలదు. ఇంటిలో తేలును, బడిలో తేలును. అన్నదమ్ములు కూడ దానిని తేల్చువారిలో నున్నారు.

మా వరండా సంగతి చెప్పి ముగింతును. ఆగిపోయిన ఆట రెండు దినములకు తిరిగి మొదలైనది. నేనేమియు చెప్పలేదు, వారే ఒక ఒడంబడిక చేసికొనిరి. భీమ్ వేషము వంతులవారీగా అందరిది. లడ్డు ఎవరు చేసిననుసరే, మొదటిది చేసినవారే తినవలెను. టీవీలో అట్లు లేదన్న బాలుడే ఈ నియమమును ఇతరులకు గట్టిగా వివరించుచుండెను. ఇప్పుడు వారికి మిగిలిన చిక్కు ఒక్కటే. కాలియా వేషమునకు ఎవరును ఒప్పుకొనుట లేదు.